ఇస్మెత్ కొలతకు తీసిన గొయ్యి

మా సరయెవోలో డిసెంబరు వచ్చిందంటే జనం రెండు జాతులుగా చీలిపోతారు. పొగమంచు కింద బతికేవాళ్ళు, పొగమంచు పైన బతికేవాళ్ళు. నేను కిందివాణ్ణి. విమానాశ్రయం కంచె వెనక వీధిలో అద్దెకుంటాను. వారం దాటి సూర్యుడు కనపడకపోతే, బొగ్గుపొగ గొంతులో ముళ్ళలా గుచ్చుకుంటుంటే, బస్సెక్కి ఇగ్మన్ కొండ మొదలు దాకా పోయి, అక్కణ్ణించి కర్ర పొడుచుకుంటూ లియెస్క అనే పల్లెకు ఎక్కుతాను. సగం దారిలో ఎవరో నెత్తిమీది మూత తీసినట్టవుతుంది. నీలాకాశం, ఎండ, పైన్ చెట్ల వాసన. వెనక్కి తిరిగి చూస్తే లోయ లోయంతా గడ్డపెరుగు తోడుకున్న కుండ. ఆ పెరుగు అడుగున ఎక్కడో నా గది, నా పుస్తకాలు, విమానాలు దిగే దారి.

తిరుగుళ్ళ బతుకులో చాలా ఊళ్ళ పొగమంచులు చూశాను. ఇటలీ మైదానాల్లో అది పొద్దున్నే పొలంలోంచి లేచి, మధ్యాహ్నానికి సిగ్గుపడి వెళ్ళిపోతుంది. సముద్రపు రేవుల్లోనైతే మర్యాద తెలిసిన చుట్టంలా ఒక పూట ఉండి సెలవు తీసుకుంటుంది. మాది అలాంటిది కాదు. కొండల మీది చల్లగాలి రాత్రిపూట జారుకుంటూ వచ్చి గిన్నె అడుగున చేరుతుంది, పైనుంచి వెచ్చటి గాలి మూత పెడుతుంది, అంతే. ఇక గాలి కదలదు, పొగ కదలదు, విమానం కదలదు. వచ్చింది వచ్చినట్టు కూర్చుంటుంది, అప్పగింతలు కాని ఆడబిడ్డలాగా.

లియెస్కలో నేను వెళ్ళేది వెహ్బియా ఇంటికి. తాటిచెట్టంత మనిషి. తన ఇంటి గుమ్మానికే తల వంచి రావాలి. ఉద్యోగమంతా విమానాశ్రయంలోనే, రన్‌వే మీద మంచు తోసే బండి నడపడం. శీతాకాలం మంచు, మార్చిలో విమానాన్ని బొంగరంలా తిప్పే దక్షిణగాలి, వేసవిలో సాయంత్రం పిడుగులు, మళ్ళీ పొగమంచు. అతని ఏడాదికి ఇవే పండుగలు. మంచు ఎంత పడినా తెల్లారేసరికి నేల నల్లగా కనపడేలా తోసేసేవాడు. పొగమంచు కూర్చున్న రోజుల్లో మాత్రం పై అధికారులు వేళాకోళం ఆడేవారట.

"వెహ్బియా, దీన్ని కూడా కాస్త పక్కకు తోసెయ్యరాదూ?"

"బ్లేడుకు అందితే తోస్తా సార్. మీరు కొంచెం పట్టుకోండి."

పింఛను తీసుకున్నాక కూడా అతనికి ఒక పని మిగిలింది. అదెవరూ ఇచ్చిన పని కాదు. లియెస్కలో చనిపోయినవాళ్ళకు గొయ్యి ఇంటివాళ్ళు తవ్వరు, ఇరుగుపొరుగు తవ్వాలి. ఎవరూ పిలవరు, కూలి ఉండదు. కబురు తెలియగానే పార భుజాన వేసుకుని వస్తారు. గట్టు తగాదాలో పదేళ్ళు మొహం చూసుకోనివాళ్ళు కూడా ఆ పూట ఒకే గుంటలో దిగి ఒకరి తర్వాత ఒకరు గునపం వేస్తారు. పొరుగువాడంటే చివరికి అదే అర్థం: నీకు మట్టి తీసేవాడు. యుద్ధం వచ్చింది, పల్లె ఖాళీ అయింది. ఆస్ట్రియాకు, జర్మనీకి, స్వీడన్‌కు పోయారు. బతికున్నవాళ్ళు వేసవి సెలవులకు కార్లలో వస్తారు. చనిపోయినవాళ్ళు పెట్టెల్లో, విమానాల్లో వస్తారు. సన్నటి బూట్లేసుకున్న కొడుకులు అంచున నిలబడి చూస్తుంటే వెహ్బియా ఒక్కడే తవ్వుతాడు. చలికాలం లియెస్కలో పొగ వచ్చే పొయ్యిగొట్టాలు రెండే. వెహ్బియాది ఒకటి. అతని కన్నా పెద్దదైన జుమ్రా అనే వితంతువుది రెండోది. వెహ్బియా భార్య హస్నియా పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు.

నన్ను తవ్వేవాళ్ళ లెక్కలో చేర్చకండి. నా నడుం పార పట్టే నడుం కాదు. ఆ సంగతి వెహ్బియా నేను ఎక్కొచ్చిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు.

"వచ్చావా, పుస్తకాలు మోసే గాడిదా! కింద ఊపిరాడక వచ్చావు గానీ నా మీద ప్రేమతో కాదు."

"నీ కాఫీ మీద ప్రేమతో."

"అదీ అబద్ధమే. కాఫీ పెట్టేది జుమ్రక్క."

ఇస్మెత్ గురించి చెప్పాలి. వెహ్బియాకు పక్కింటి పిల్లాడు, ఒకే ఈడువాడు. పొట్టి. ఇద్దరూ నడిచి వస్తుంటే పారా దాని పిడీ వస్తున్నాయనేవారట పల్లెలో. కుర్రతనంలో వెహ్బియా తండ్రికి గొయ్యి తీసింది ఇస్మెతే, మిగతా పొరుగువాళ్ళతో కలిసి. అంచున కూర్చుని ఏడుస్తున్న వెహ్బియాతో, మట్టిచేతులు తుడుచుకుంటూ అన్నాడట: "మనిద్దరిలో మిగిలినవాడు రెండోవాడికి తవ్వాలి. ఒప్పందం." తర్వాత యుద్ధంలో పెళ్ళాం బిడ్డలతో స్వీడన్ చేరాడు. కాగితపు మిల్లులో పనిచేశాడు, ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ చేశాడు.

"డాక్టర్లు చేతులెత్తేశార్రా పొడుగోడా. ఆస్పత్రి కిటికీలోంచి కార్లు చూస్తూ పోవాలని లేదు. ఇంటికొచ్చేస్తా. నీ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ తాగుతూ పోతా."

"రా. మంచం పొయ్యి పక్కన వేస్తా. ఎప్పుడొస్తావ్?"

"మా వాడు నెజాద్‌కి జనవరిలో గానీ సెలవు దొరకదట."

"జనవరిలోనా?" అన్నాడు వెహ్బియా. జనవరిలో మా విమానాశ్రయం సంగతి అతనికి చెప్పేదేముంది.

ఆ వారమంతా అతను కుర్రాడైపోయాడు. ఇద్దరికి సరిపడా కట్టెలు కొట్టాడు. ఇస్మెత్ పాడుబడ్డ ఇంటి కప్పు మీద నాచు గీకాడు. ఇద్దరూ ఆడుకునే డామినో బిళ్ళలు కడిగి ఎండబెట్టాడు. అటక మీంచి ఇంకో పిడిలేని కాఫీ కప్పు దించి తన కప్పు పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్ళుగా రోజూ ఒక్క కప్పే తిరిగిన పళ్ళెంలో రెండోది ఠంగుమంటుంటే జుమ్రా నవ్వేది. "ఒరేయ్ తమ్ముడూ, పెళ్ళికూతురు కోసం కూడా ఇంత సర్దలేదురా నువ్వు!"

దాంతో ఆగితే బాగుండేది.

లియెస్క నేల రాతినేల. జనవరిలో అది ఇనుము. నడివయసులో ఉన్నప్పుడే నలుగురు కలిసి మంట వేసి, నేల కరిగించి, గునపం దింపేవారు. ఇప్పుడు అతనొక్కడు. డెబ్భై దాటినవాడు. ఇస్మెత్ వచ్చి, కాఫీ తాగి, జనవరిలోనో ఫిబ్రవరిలోనో కన్నుమూస్తే ఎలా? శవాన్ని పెట్టుకుని గట్టినేల మీద గునపం విరగ్గొట్టుకుంటూ, మాట ఇచ్చి తప్పినవాడిలా నిలబడాలా? వెహ్బియా ఆలోచన అంత సూటిగా నడిచింది. మంచు తోసే బండిలాగా ముందున్నది మాత్రమే చూస్తూ. నేల మెత్తగా ఉండగానే, చెప్పాపెట్టకుండా, తన భార్య సమాధికి రెండడుగుల ఇవతల ఇస్మెత్‌కు గొయ్యి తీసేశాడు. ఇస్మెత్ కొలతకు. పొట్టిగా, మగవాడికి తగ్గట్టు నడుంలోతు. పైన పలకలు పరిచి పైన్ కొమ్మలు కప్పాడు.

బతికుండగా సమాధిరాయి పెట్టించుకోవడం మా కొండల్లో తప్పు కాదు. హస్నియా పక్కన వెహ్బియా రాయి ఎప్పట్నించో ఉంది, పుట్టిన ఏడు చెక్కి, రెండో ఏడు ఖాళీగా. అయితే రాయి వేరు, మట్టి వేరు. తెరిచిన గొయ్యి ఖాళీనోటితో మూసుకోదంటారు. ఎవర్నో ఒకర్ని అడుగుతుందంటారు. కింది మసీదు ఇమామ్ మునిబ్ ఒకరోజు నడకకొచ్చి ఆ పలకలు చూశాడు.

"ఇదెవరికి వెహ్బియా?"

"ఇస్మెత్‌కి."

"పోయాడా?"

"లేదు. వస్తున్నాడు."

ఇమామ్ జారిన కొమ్మనొకదాన్ని పలకల మీదికి లాగి, "గొయ్యి అడుగుతుందనే మాట నేను నమ్మను. కానీ వచ్చేవాడి కంటబడనివ్వకు," అని దిగిపోయాడు.

జనవరి వచ్చింది. మొదటి ప్రయాణం జరగనే లేదు. లోయలో పొగమంచని స్వీడన్‌లోనే రద్దు చేశారు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ టికెట్. ఆ రోజు నేను కూడా పైకి ఎక్కాను. ఎక్కేటప్పుడు నా చేతిలో కర్ర కొస నాకే కనిపించలేదు. పైన మాత్రం ఎండ, కళ్ళు చెదిరే ఎండ. వెహ్బియా తెల్లచొక్కా వేసి, గడ్డం గీసుకుని, ఇంటిముందు పచ్చికొమ్మలతో మంట వేసి కూర్చున్నాడు. పొగ నిట్టనిలువుగా పోతోంది.

"ఇదేమిటి?" అన్నాను.

"వాడికి ఇల్లు తెలియొద్దూ పైనుంచి?"

"విమానాశ్రయం లోయలో ఉంది, నీ పెరట్లో కాదు."

"నీకెందుకు? కూర్చుని కాఫీ తాగు."

మధ్యాహ్నం చప్పుడు వినిపించింది. తెల్లటి విమానం, ఎండలో కడిగిన పళ్ళెంలా మెరుస్తూ, పడమటి వైపు నుంచి తిన్నగా వచ్చి పొగమంచులోకి దిగింది. మేం ముగ్గురం లేచి నిలబడ్డాం. జుమ్రా పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. కాసేపటికి ఇంజన్లు గర్జించాయి, విమానం పెరుగులోంచి ఎగిరిన చేపలా పైకి లేచింది. కింద దీపాలు కనపడలేదన్నమాట. మా నెత్తి మీదుగా పోయి తిరిగింది. ఎంత దగ్గరగానంటే కిటికీల వరస కనిపించింది. ఆ గాజుల్లో ఒకదాని వెనక ఇస్మెత్ ఉన్నాడు. అతనికీ తన ఇంటి కప్పు కనిపిస్తూ ఉంది. వెహ్బియా టోపీ తీసి ఊపాడు, రెండు చేతులూ ఊపాడు. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. ఆ తర్వాత ముక్కు వాయవ్యానికి తిప్పుకుని చిన్నదైపోయింది.

"జాగ్రెబ్‌కి. పొరుగుదేశంలో దింపుతారిక," అన్నాడు వెహ్బియా. టోపీ పెట్టుకోవడం మరిచిపోయాడు.

మేం భోజనం ముట్టలేదు. ఫోన్ మోగింది. చెవి మందం కాబట్టి అతను గట్టిగా వినపడేలా పెట్టి మాట్లాడతాడు.

"ఒరేయ్ పొడుగోడా! నీ పొగ చూశాన్రా!" ఇస్మెత్ గొంతు మధ్యలో గాలి తెగుతోంది. కానీ నవ్వుతున్నాడు.

"నిజంగా?"

"నిజం. నెజాద్‌కి చూపించా. అదిగో, ఆ గాడిద నా కోసం పల్లె తగలబెడుతున్నాడన్నా. నా ఇంటి కప్పు బాగుచేసింది ఎవర్రా, నువ్వేనా?"

"నాచు గీకా, అంతే. ఇప్పుడెలా వస్తావ్?"

"బస్సు పెడతారట. తెల్లారేదాకా ప్రయాణం. నా గాలి సిలిండర్ అంతసేపు రాదు, ఇంకోటి కోసం మావాడు తిరుగుతున్నాడు. దొరికితే పొద్దున్నే నీ నెత్తిన ఉంటా. కాఫీ పెట్టుంచు."

ఫోన్‌లో కనపడదని మరిచి వెహ్బియా సంతోషంతో తలూపుతూనే ఉన్నాడు. జుమ్రా ఆగలేక ఫోన్ లాక్కుంది. ఆమె మనసు వెన్న, నోటికి మాత్రం తలుపు లేదు.

"ఇస్మెత్, నాయనా, నేనురా, జుమ్రక్కని. దిగులుపడకు, ఆలస్యమైతే అయింది. ఇక్కడ నీకన్నీ సిద్ధం. పరుపు ఎండకేశా. బంగాళదుంప కూరిన పిట రొట్టె చేశా, నీకిష్టం కదా. వీడు గోడంత కట్టెలు పేర్చాడు. నేల గడ్డకట్టకముందే నీ గొయ్యి కూడా తవ్వి పెట్టాడు, ఒక్కడే, పాపం, నడుం పడిపోయింది వీడికి."

ఆమె పొగుడుతోంది. అది ఆమెకు పొగడ్తే. ఫోన్‌లో దూరంగా ఎవరో మైకులో ఏవో విమానాల పేర్లు చదువుతున్నారు. వెహ్బియా చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"ఇస్మెత్."

"ఎప్పుడు తవ్వావు?"

"ఆకులు రాలేటప్పుడు. నేల మెత్తగా ఉంటుందని..."

"అంటే నేను కాఫీకి వస్తానన్న వారమే."

"మన ఒప్పందమే కదరా. మిగిలినవాడు..."

"మిగిలినవాడు. రెండోవాడు పోయాక." చాలాసేపు దగ్గాడు. "కొలత సరిగ్గా తీశావా?"

"నీదేముందిరా, రెండంగలు." అది వాళ్ళ పాత పరాచికం. ఈసారి అవతల ఎవరూ నవ్వలేదు.

"నేను కూర్చోడానికి వస్తున్నాననుకున్నా వెహ్బియా. నువ్వు పడుకోబెట్టడానికి ఎదురుచూస్తున్నావు."

"అలా కాదురా, విను..."

"మావాడు వచ్చాడు. తర్వాత చేస్తా."

జుమ్రా రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది. వెహ్బియా మంట దగ్గరికి పోయి, చెప్పుకాలితో కొమ్మలు చెదరగొట్టి ఆర్పేశాడు.

అప్పట్నించి ఆలోచిస్తూనే ఉన్నాను. లోయలో ఆ పూట ఒక్క గంట గాలి వీచి ఉంటే, విమానం దిగేది, ఇస్మెత్ ఇంటికొచ్చేవాడు, జుమ్రా నోరు జారినా ఎదురెదురుగా కూర్చుని ఉండేవాళ్ళు. తిట్టేవాడు, డామినో బిళ్ళలు విసిరికొట్టేవాడు, మళ్ళీ ఏరుకునేవాడు. ఎదురుగా ఉన్న మనిషితో ఏ మాటకైనా మందు ఉంటుంది. దూరాన విన్న మాటకు ఉండదు. నేను ఓడల మీద పనిచేసే రోజుల్లో ఒక ముసలి కెప్టెన్ అనేవాడు, పొగమంచులో ఓడ మునగదు, ఓడలో జనమే ఒకరినొకరు ముంచుకుంటారని.

మర్నాడు ఫోన్ చేసింది నెజాద్. సిలిండర్ దొరికిందట. "కానీ నాన్న బస్సెక్కనన్నారు మామయ్యా. వెనక్కి తీసుకుపోతున్నా. పొగమంచు తగ్గాక చూద్దాం."

పొగమంచు వారంలో తగ్గింది. ఇస్మెత్ ఒక్కసారే మాట్లాడాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"గొయ్యి ఇంకా తెరిచే ఉందా?"

"పలకలు వేసి ఉంచా."

"పూడ్చెయ్యి. వస్తా."

"పూడుస్తా. ఇవాళే పూడుస్తా."

జుమ్రా గుమ్మానికి అడ్డం నిలబడింది. ఖాళీగొయ్యి పూడిస్తే పల్లెలో ఇద్దర్ని తీసుకుపోతుంది, ఉన్నదే ఇద్దరమని ఏడ్చింది. వెహ్బియా ఆమెను పక్కకు జరిపి పార తీసుకుని వెళ్ళాడు. నేనూ వెనకాల వెళ్ళాను. తవ్విపోసిన మట్టికుప్ప ఒకే బండ అయిపోయి ఉంది. పార అంచు దాని మీద ఠంగుమంది, గీత కూడా పడలేదు. గునపం తెచ్చాడు. నిప్పురవ్వలు లేచాయి. నేల గడ్డకడుతుందని ముందే తవ్వినవాడు, తీసిన మట్టి కూడా గడ్డకడుతుందని అనుకోలేదు. చెమట కక్కుతూ, తెల్లచొక్కా వీపుకు అంటుకుపోయి, చాలాసేపు కొట్టాడు. ఆఖరికి కుప్ప మీద కూర్చుని, ఫోన్ తీసి, నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పు అన్నట్టు నేను చేత్తో సైగ చేశాను. చూడనట్టు ఊరుకున్నాడు.

"మట్టి రాయైపోయింది ఇస్మెత్. చేతకావట్లేదు. మంచు కరిగాక పూడుస్తా."

"అయితే మంచు కరిగాకే వస్తా," అన్నాడు ఇస్మెత్. కోపంగా కూడా అనలేదు.

ఫిబ్రవరిలో పోయాడు. నెజాద్ ఫోన్ చేసేసరికి పూడ్చడం కూడా అయిపోయింది, అక్కడే, స్వీడన్‌లో. ఆ రోజు మాకు దక్షిణగాలి. లోయ అద్దంలా తేటగా ఉంది. విమానాలు ఒకదాని వెనక ఒకటి దారం కట్టి లాగినట్టు దిగుతున్నాయి.

"ఇక్కడికి తేలేదేం?" అన్నాడు వెహ్బియా.

"నాన్నే వద్దన్నారు మామయ్యా."

"ఊఁ. మరి అక్కడ ఎవరు తవ్వారు?"

"ఎవరు తవ్వడమేంటి? యంత్రం ఉంటుంది కదా. యంత్రం తవ్వింది."

వెహ్బియా ఆ మాట తనలో తాను రెండుమూడుసార్లు అనుకున్నాడు. యంత్రం తవ్వింది. ఫోన్ పెట్టేశాక పళ్ళెంలోంచి రెండో కప్పు తీసి, కడిగి, తుడిచి, అటక మీదికి ఎక్కించాడు.

ఏప్రిల్లో నేను మళ్ళీ ఎక్కాను. పొగమంచు లేదు కాబట్టి ఎక్కడానికి సాకు కూడా లేదు. ఇద్దరూ శ్మశానంలో ఉన్నారు. పలకలు తీసి పక్కన పేర్చారు. మట్టికుప్ప కరిగి మెత్తబడి, దాని మీద గడ్డిపోచలు లేచాయి. వెహ్బియా పార పట్టుకుని నిలబడ్డాడు గానీ మట్టి లాగడం లేదు. జుమ్రా అంచున కూర్చుని లోపలికి చూస్తోంది, బట్టలకొట్లో గుడ్డ చూసినట్టు.

"పూడ్చకురా తమ్ముడూ. నాకిచ్చెయ్యి."

"ఇదేమన్నా మంచమా, ఇచ్చెయ్యడానికి?"

"నేను నీకంటే పెద్దదాన్ని. ముందు పోయేది నేనే. నిన్నెందుకు మళ్ళీ కష్టపెట్టడం? కొలత కూడా చూడు, ఇస్మెతూ నేనూ ఒకటే పొడుగు. కాస్త లోతు చెయ్యి, చాలు. ఆడదానికి రొమ్ముల దాకా ఉండాలి కదా."

వెహ్బియా గొయ్యి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తర్వాత తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. అందులో అతను పట్టడు. మోకాళ్ళు ముడిచినా పట్టడు.

"సరే," అన్నాడు.

చొక్కా విప్పి కొమ్మకు తగిలించి లోపలికి దిగాడు. దిగాక కూడా నడుం పైభాగమంతా బయటే ఉంది. మట్టి మెత్తగా, నల్లగా, పార నిండుగా వస్తోంది. జుమ్రా అంచు మీంచి సలహాలిస్తోంది, తలవైపు కొంచెం, కాళ్ళవైపు వద్దు అని. కాసేపటికి అతను ఆగి, పారపిడి మీద గడ్డం ఆనించి అడిగాడు.

"అక్కా, మరి నాకు ఎవరు తవ్వుతారు?"

జుమ్రా తలగుడ్డ సర్దుకుంది. నా వైపు చూసింది, నా నడుం వైపు చూసింది, చూపు తిప్పుకుంది. కింద లోయలో ఒక విమానం చక్రాలు నేలకు తాకిన కీచుచప్పుడు స్పష్టంగా పైదాకా వినిపించింది.

"ఆ మూల ఇంకో పార లోతు తియ్యరా," అంది.

అతను వంగి తీశాడు.